పాలా కోరే

ఖరగ్‌పూర్,
5 జూలై 1959.

ప్రియమైన గంగాభవానికి నీ మావ నూకయ్య రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉందో రాయి. ఈసారి కబురు పెద్దది కాబట్టి ముందు అదే రాస్తున్నాను. నేను ఆఖడాలో కసరత్తుకి చేరాను.

నీకు తెలియని చోటు కాదు. మీ పాత క్వార్టరు నుంచి గోల్ బజారుకి వెళ్లే దారిలో రేకుల షెడ్డు, లోపల మట్టి నేల, గోడకి ఆంజనేయుడి పటం. నువ్వు పుట్టి పెరిగిన ఊరి సంగతులు నీకు నేను రాయడం నవ్వులాటే. మీ నాన్న రిటైరై పల్లెకి వెళ్లిపోతూ మేనల్లుణ్నని నన్ను వర్క్‌షాపులో పెట్టించాడు. దాంతో పల్లెవాణ్ని నేను ఇక్కడున్నాను, ఖరగ్‌పూర్ పిల్లవి నువ్వు అక్కడ మా గేదె దగ్గరున్నావు.

ఇక సంగతి. స్మిత్ షాపులో కొలిమి దగ్గర నేను సమ్మెట కొడుతుంటే సమూయేలు అనే అతను చూశాడు. లోకో షెడ్డులో ఫిట్టరు, మనవాడే, వాళ్ల తాత పలాస నుంచి వచ్చాడట. నా కుడి జబ్బ పట్టుకుని "ఇది సెయ్యంటే" అన్నాడు. తరవాత ఎడమ జబ్బ పట్టుకుని "ఇదెవురిదిరా?" అన్నాడు. అంతా నవ్వారు. నిజమే మరి. ఊళ్లో సంగిడి రాయి ఎత్తినా కుడిచేత్తోనే ఎత్తాను, ఇక్కడ సమ్మెటా కుడి భుజం మీదనుంచే దిగుతుంది. ఎడమ చెయ్యి ఊరికే తోడు వస్తోంది.

దసరా పూజలు వెళ్లాక రైల్వే మైదానంలో కండల ప్రదర్శన జరుగుతుంది. అందులో ఎంపికైనవాళ్లని రైల్వేల పోటీకి పంపుతారు. పంపేవాళ్లని టెంపరరీలో ఉంచరు, పర్మనెంటు చేస్తారు. పర్మనెంటయితే క్వార్టరు. క్వార్టరొస్తే నువ్వు. అయితే అక్కడ టేపు పెట్టి రెండు చేతులూ కొలుస్తారట. ఒకటి లావూ ఒకటి సన్నమూ అయితే పక్కకి పొమ్మంటారు.

ఆఖడాలో రెండు పార్టీలున్నాయి. డంబెల్సు అని ఇనుప గుండ్లు, చేతికి ఒకటి. మోచేతులు పక్కలకి ఆనించి భుజం దాకా మడిచి ఎత్తాలి. సమూయేలు పార్టీ రెండూ ఒక్కసారి ఎత్తుతారు. బెంగాలీ కుర్రాళ్లు కుడి ఒకసారి, ఎడమ ఒకసారి, మార్చి మార్చి ఎత్తుతారు. ఏది మంచిదని అడిగితే చాలు, డంబెల్సు కింద పడేసి కొట్టుకునేదాకా వస్తారు. నేను సమూయేలు పక్కన నిలబడ్డాను. తెలుగులో మాట్లాడే మనిషి అతనే కదా.

అందరికీ పెద్ద తీతు దా, దా అంటే ఇక్కడ అన్న. నడుం పట్టేసిన మనిషి, స్టూలు మీంచి లేవడు. ఒక మాట చాలినచోట రెండో మాట వాడడు. మొదటిరోజే నా ఎడమ చెయ్యి తడిమి చూసి, పాలు తాగమన్నాడు. నాకు బెంగాలీ సగం తెలిసిపోతోంది గంగా. అనుకున్నంత కష్టమైన భాష కాదు.

ఆ రోజు నుంచే తాగుతున్నాను.

నీ మావ,
నూకయ్య


కొండవూరు,
16 జూలై 1959.

ప్రియమైన మావకి గంగాభవాని రాసేది.

ఉత్తరం అందింది. అత్త మోకాలు అలాగే ఉంది కానీ నోరు బాగుంది. పర్మనెంటు, క్వార్టరు, నువ్వు అని రాసిన చోటు రెండుసార్లు చదివించుకుంది. నాకు మాత్రం అక్కడ వేరే సంగతి కనిపించింది. ఉగాదికి రమ్మంటావా అంటే వానలు పడనీ అన్నావు. వానలు పడ్డాక పని అలవాటు కానీ అన్నావు. ఇప్పుడు రెండు చేతులూ సమానం కానీ అంటున్నావు. ఆ తరవాత కాళ్లు కొలిపించుకుంటావేమో.

మా నాన్న ఖలాసీగా ఉన్నప్పుడే మా అమ్మని తీసుకెళ్లాడు. ఒక గది, బయట పొయ్యి. నేను పుట్టింది ఆ గదిలోనే. టెంపరరీ వాడి పెళ్లాన్ని ఖరగ్‌పూర్ స్టేషన్లో దిగనివ్వరని నాకెవరూ చెప్పలేదు. నీ బాధ నాకు తెలుసు. పర్మనెంటు కాకుండా పెళ్లాన్ని తెచ్చుకున్నాడంటారని. అనేవాళ్లకి మధ్యాహ్నం కేరేజీ వస్తుంది, నీకు మెస్సులో నీళ్ల పప్పు వస్తుంది. అదీ తేడా.

డంబెల్సు నేను ఎత్తలేదు. దంపుడు తెలుసు. అత్తా నేనూ ఒకే రోట్లో వేస్తాం, ఆవిడ రోకలి లేస్తుంటే నాది దిగుతుంది. ఇద్దరం ఒకేసారి వేస్తే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. చెయ్యి కూడా మారుస్తుంటాం. కుడిచేత్తోనే కానిచ్చేస్తుంటే అత్త ఊరుకోదు, "ఆ సెయ్యి ఏటి, సుట్టమా?" అంటుంది. నా రెండు చేతుల్లో ఏది బలమైనదో నువ్వు చెప్పలేవు. చెప్పావంటే అబద్ధం ఆడుతున్నట్టే.

తీతు దా నాకు గుర్తున్నాడు. చిన్నప్పుడు పూజల్లో చూశాను, పళ్లతో ఇనుప గొలుసు లాగాడు. జనం చప్పట్లు కొట్టినా నవ్వలేదు. అలాంటి మనిషి నిన్ను పాలు తాగమన్నాడంటే వయసు మీదపడి మెత్తబడ్డాడేమో. బెంగాలీ సగం వచ్చేసిందంటే సంతోషం. రెండో సగం దగ్గర జాగ్రత్త.

మా నాన్న స్నేహితుడు అక్కడికి వస్తున్నాడు, అతనితో నెయ్యి పంపుతున్నాను. తాగద్దు, అన్నంలో వేసుకో.

మా క్వార్టరు ముందు కొళాయి ఇంకా కారుతోందా, రాయి.

నీ
గంగాభవాని


ఖరగ్‌పూర్,
23 ఆగస్టు 1959.

ప్రియమైన గంగాభవానికి,

నెయ్యి అందింది. కొళాయి కారుతూనే ఉంది, నీ పేరు చెప్పి చూసి వచ్చాను. జవాబు ఆలస్యమైంది. ఇక్కడ యుద్ధం జరుగుతోంది, అందుకని.

ఆఖడా మధ్యలో సుద్ద గీత గీశారు. ఇటు ఒక్కసారి ఎత్తేవాళ్లం, అటు మార్చి మార్చి ఎత్తేవాళ్లు. సమూయేలు ఏమంటాడంటే, రెండు చేతులూ కలిసి పనిచేస్తేనే రెండూ ఒకలాగ అలుస్తాయి, మార్చి మార్చి ఎత్తేవాడికి ఒక చెయ్యి ఎప్పుడూ సెలవులోనే ఉంటుంది. "ఇంజనుకి సక్రాలు ఒకటి తరవాత ఒకటి తిరుగుతాయేట్రా?" అని అటువాళ్ల మీద కేక వేశాడు. వాళ్లలో ఒకడు హిందీలో, ఒక్కసారి ఎత్తేవాడు చేత్తో ఎత్తడు, నడుంతో ఊగి ఎత్తుతాడు అన్నాడు. నిజంగానే మా వరసలో అందరం వెనక్కి ఊగుతాం. కానీ ఆ మాట ఒప్పుకునే సమయం కాదది. షాపులో కూడా ఇదే గొడవ. సమ్మెట కొట్టేటప్పుడు కూడా నా పక్కవాడు ఏ పార్టీవాడో చూసుకుంటున్నాను. ఇంత ఉత్సాహంగా నేను పెళ్లిలో కూడా లేను.

ఇక నా సంగతి. తీతు దా నామీద పెట్టిన దృష్టి ఎవరిమీదా పెట్టడం లేదు. నేను డంబెల్సు పట్టుకోగానే స్టూలు మీంచి నావైపు చెయ్యి చూపి "పాలా కోరే, పాలా కోరే" అని కేకలు వేస్తాడు. వీళ్ల భాష మన భాషకి చుట్టమే గంగా. పాలని పాలా అంటారు. కోరడం కోరడమే. పాలు కోరి కోరి తాగమని. నేను పొద్దున తాగుతున్నాను, డ్యూటీ దిగాక తాగుతున్నాను. తాగుతున్నానని ఆయనకి తెలియాలి కదా? అందుకని చెంబు ఆఖడాకే పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. ఆయన "పాలా!" అనగానే చెంబు ఎత్తి చూపించి "పాలు, దాదా, పాలు!" అంటాను. ఆయన "హాఁ హాఁ, పాలా!" అని తల ఊపుతాడు. నేనూ ఊపుతాను. చెంబు ఖాళీ చేసి రెండు డంబెల్సూ ఒక్కసారి ఎత్తుతాను. అంతే, ఆయన మొహం మారిపోతుంది.

ఎందుకో అర్థం కాలేదు. ఒకరోజు చెంబులోకి తొంగి చూశాడు. పాలు పల్చగా ఉన్నాయని కోపమేమో అనుకుని, మలంచా రోడ్డులో పోసేవాణ్ని మానేసి గేదెలున్న ఆసామిని పట్టుకున్నాను. మీగడ కట్టే పాలు. అయినా కోపం పోలేదు. సమూయేలుని అడిగితే "ఆ ముసిలోడి మాట ఇనకు. అలాగ సేస్తే నీ సెయ్యి సచ్చినా పెరగదు" అన్నాడు. పాలు తాగితే చెయ్యి పెరగదనే మనిషిని నేను ఇదే చూడడం. అతను టీ మనిషి. వాదించలేదు.

నిన్న ప్రదర్శనకి వెళ్లేవాళ్ల పేర్లు చదివారు. సమూయేలు పేరుంది. అటు పార్టీలో ముగ్గురి పేర్లున్నాయి. నా పేరు లేదు.

తీతు దా నన్ను చూపించి ఏదో అన్నాడు. సమూయేలు తెలుగు చేసి చెప్పాడు. "నువ్వు మొండోడివట. సెప్పినదానికల్లా ఊఁ అంతావట, ఒక్కనాడూ సెయ్యవట." ఏం చెయ్యలేదు? ఆయన కళ్లముందే కదా తాగుతున్నాను! ఆ మాటే అడిగితే సమూయేలు "పోనీ, మన పద్ధతి మనది, ఒదిలీ" అన్నాడు.

పూజలకి ముందు ఇంకొకసారి పేర్లు చూస్తారట. అప్పటికీ నా పేరు లేకపోతే పర్మనెంటు మాట ఈ ఏడాదికి లేనట్టే. నువ్వు రావడం కూడా లేనట్టే. ఇంకొక పూట కూడా పాలు తాగి చూస్తాను.

నీ మావ,
నూకయ్య


కొండవూరు,
29 ఆగస్టు 1959.

ప్రియమైన మావకి,

నీ ఉత్తరం చదువుతూ రోటి పక్కన కూలబడ్డాను. చీర చెంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. అత్త కుంటుకుంటూ వచ్చి "ఏటైనాదే, నూకన్నకేటైనాది?" అని నన్ను పట్టుకుని ఊపేసింది. నీ కొడుకు పాలు తాగుతున్నాడత్తా అన్నాను. "పాలు తాగితే ఏడుత్తావేటే?" అంది. ఏడవడం లేదు, నవ్వుతున్నానని ఆవిడకి తెలిసేసరికి పక్కింటివాళ్లు కూడా వచ్చేశారు.

మావా, బెంగాలీలో పాలని దూధ్ అంటారు. పాలా అంటే వంతు. పాలా కోరే అంటే వంతుల ప్రకారం, ఒకటి తరవాత ఒకటి. తీతు దా నిన్ను మొదటిరోజు నుంచీ డంబెల్సు మార్చి మార్చి ఎత్తమంటున్నాడు. నువ్వు సరే సరే అని తల ఊపి, ఆయన ఎదుట చెంబెడు పాలు తాగి, రెండూ ఒక్కసారి ఎత్తుతున్నావు. ఆయన స్థానంలో నేనుంటే నీ పేరు తీసేసి ఊరుకునేదాన్ని కాదు, చెంబు లాక్కునేదాన్ని.

పళ్లతో గొలుసు లాగినవాడు పాలు తాగమన్నాడని నువ్వు మొదటి ఉత్తరంలో రాసినప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. ఈ కింద బెంగాలీ మాటలు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. బట్టీ పట్టు. అందరూ ఉన్నప్పుడు తీతు దా స్టూలు ముందు నిలబడి గట్టిగా చెప్పు. ఒక్క మాట కూడా వదలకు, నీ సొంత మాట ఒక్కటి కూడా కలపకు.

"దాదా, ఆమి భుల్ బుఝేఛిలామ్. పాలా మానే ఆమి దూధ్ భేబేఛిలామ్. ఆమార్ బౌ ఎఖాన్‌కార్ మేయే. ఓకే ఆన్‌తే చాయ్. ఎక్‌టా ఘొర్ దేఖే దిన్."

మొదటి సగానికి అర్థం, తప్పుగా అనుకున్నాను, పాలా అంటే పాలనుకున్నాను అని. రెండో సగం పెద్దవాళ్ల దగ్గర వాడే మర్యాద మాటలు. అక్కడ గొంతు తగ్గించకు.

ఈరోజు నుంచి ఎడమ చేత్తో మొదలుపెట్టు.

నీ
గంగాభవాని


ఖరగ్‌పూర్,
13 సెప్టెంబరు 1959.

ప్రియమైన గంగాభవానికి,

నా పేరు ఎక్కింది!

నీ ఉత్తరం అందిన రోజు సిగ్గుతో ఆఖడాకి వెళ్లలేదు. చెంబు మంచం కిందకి తోసేశాను. మర్నాడు డ్యూటీలో సమ్మెట దెబ్బకొక మాట చొప్పున బట్టీ పట్టాను. రెండో సగంలో కొంత నాకు నేనే అర్థం చేసుకున్నాను. ఘొర్ అంటే ఘోరం. చాయ్ అంటే టీ. ఘోరమైన తప్పు జరిగింది, టీ తాగి క్షమించండి అని రాశావు. టీ మాట నువ్వు రాయకపోతే నాకు తోచేది కాదు.

సాయంత్రం స్టూలు ముందు నిలబడి చేతులు కట్టుకుని గట్టిగా చెప్పాను. పాలా, దూధ్ అన్నచోట గీతకి అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి నేలమీద పడి దొర్లారు. తీతు దా నవ్వాడు గంగా. నవ్వితే తెలిసింది, ఆయనకి ముందు పన్ను ఒకటి లేదు. గొలుసు లాగినప్పుడే పోయి ఉంటుంది. కళ్లు తుడుచుకుంటూ "దూధ్! దూధ్!" అని తొడ మీద కొట్టుకున్నాడు.

నేను ఆగకుండా రెండో సగం చెప్పాను, గొంతు తగ్గించకుండా. అప్పుడు ఆయన నవ్వు ఆపి నన్ను తేరిపార చూశాడు. "సొత్తి?" అన్నాడు. సత్యమే దాదా అన్నాను. ఆ మాట మాత్రం నాకు సరిగ్గానే అర్థమైంది. తరవాత తీతు దా నా భుజం మీద చెయ్యి వేసి "ఇందా" అన్నాడు. ఏదో ఇస్తున్నాడనుకుని చెయ్యి చాపాను. ఏమీ ఇవ్వలేదు. మళ్లీ నవ్వులు. చెయ్యి వెనక్కి తీసుకుని, అందరినీ టీకి లేవదీశాను. టీ ఎందుకని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు కానీ తాగారు.

ఆ రోజు నుంచి మార్చి మార్చి ఎత్తుతున్నాను. దాని గుట్టు నాకు ఇప్పుడు తెలిసింది. రెండూ ఒక్కసారి ఎత్తినప్పుడు కుడి చెయ్యి జోరుగా లేచేది, నడుం ఊగేది, ఆ ఊపులో ఎడమ చెయ్యి కూడా పైకి చేరిపోయేది. ఎత్తిందని నేననుకున్నాను. ఒంటరిగా ఎత్తమంటే మొదటి సాయంత్రం భుజం దాకా రాలేదు. వణికింది. తీతు దా గోడ చూపించాడు. ఇప్పుడు వీపు గోడకి ఆనించి ఎత్తుతున్నాను, ఊగడానికి లేదు. ఎడమ చెయ్యి లేస్తున్నంతసేపూ కుడి చెయ్యి ఊరికే వేలాడుతూ ఉండాలి. ఆ ఊరుకోవడమే కష్టం. కుడి చెయ్యి ఆగలేక వేళ్లు బిగిస్తుంది.

పైకి వెళ్లినప్పుడు మణికట్టు కొంచెం తిప్పితే కండ ముడి పడుతోంది. నిన్న షాపులో చొక్కా ఎడమ చెయ్యి బిగుతుగా తగిలింది. పక్కవాణ్ని పిలిచి చూపించాను. వాడు సమూయేలు పార్టీ. చూడనట్టు నటించాడు కానీ చూశాడు.

సమూయేలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి "గీత దాటీసినావు కదరా" అన్నాడు. 

నీ మావ,
నూకయ్య


కొండవూరు,
24 సెప్టెంబరు 1959.

ప్రియమైన మావకి,

పేరు ఎక్కినందుకు అత్త ఊరంతా చెప్పింది. డంబెల్సు అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. రైలు పెట్టెలు ఎత్తుతున్నావని చెప్పింది. నేను దిద్దలేదు.

టీ ఇప్పించావా, మంచిదే. తీతు దా "ఇందా" అన్నాక ఇంకేమీ అనలేదా? ఎక్కడికైనా రమ్మన్నాడా? ఏదైనా చూపించాడా? ఊరికే అడుగుతున్నాను.

మా అమ్మ ఈమధ్య పొద్దున్నే అత్త దగ్గరికి వచ్చి దంపుతోంది. ఇద్దరికీ జోడీ బాగా కుదిరింది, నా రోకలి ఖాళీ. గేదెని మా నాన్న చూసుకుంటున్నాడు. రేకు పెట్టెకి కొత్త తాళం కూడా తెచ్చాడు. ఎందుకని నువ్వు అడగకు, నేను చెప్పను.

ప్రదర్శన అయిన వెంటనే రాయి. గెలిచినా రాయి, ఓడినా రాయి.

నీ
గంగాభవాని


ఖరగ్‌పూర్,
19 అక్టోబరు 1959.

ప్రియమైన గంగాభవానికి,

నిన్న ప్రదర్శన అయిపోయింది. చెప్పవలసినవి రెండున్నాయి. వరసలోనే చెబుతాను.

మైదానం నిండిపోయింది. వర్క్‌షాపు సగం అక్కడే ఉంది, మథురకాటి క్వార్టర్ల నుంచి మన ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ఒంటికి నూనె రాసి వరసగా నిలబెట్టారు. నా పేరు పిలిచారు. డంబెల్సు ఇచ్చారు. ఎలా ఎత్తాలో ఎవరిష్టం వాళ్లది. నేను ఎడమ చేత్తో మొదలుపెట్టాను. ఎడమ, కుడి, ఎడమ, కుడి. గుంపులోంచి ఎవరో "పాలా!" అని అరిచారు. ఇంకెవరో "దూధ్!" అన్నారు. తరవాత మైదానం మొత్తం అదే. ఎడమ లేస్తే పాలా, కుడి లేస్తే దూధ్. అంతమంది నాకోసం కేకలు వేయడం నా బతుకులో ఎప్పుడైనా జరుగుతుందనుకున్నానా? ఒళ్లు తెలియలేదు. ఇంకా ఎత్తగలిగేవాణ్నే, చాలు చాలని వాళ్లే ఆపారు.

తరవాత టేపు తెచ్చారు. ఎడమ చెయ్యి చాలావరకు అందుకుంది. కానీ పూర్తిగా అందుకోలేదు. ఇంకొక పండగ దాకా ఆగితే అందుకునేది. పక్కకి పొమ్మన్నారు.

ఎంపికైంది సమూయేలు. రెండూ ఒక్కసారి ఎత్తాడు, మడిచిన గొడుగులా నిటారుగా నిలబడి, కొంచెం కూడా ఊగకుండా. ఇక ఏ పద్ధతి గెలిచిందని మళ్లీ గొడవ మొదలైతే తీతు దా కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన చెప్పింది సమూయేలే నాకు తెలుగు చేశాడు. సమూయేలు చేతులు మొదటినుంచీ సమానం, వాడు ఎలా ఎత్తినా ఒకటే. చేతుల్లో తేడా ఉన్నవాడికే వంతు. అందరికీ ఒకే మందు ఇచ్చేవాడు డాక్టరు కాడు. అంతే చెప్పి కూర్చున్నాడు. సమూయేలు ముందే పర్మనెంటు. వాడికి పోటీ వల్ల కొత్తగా వచ్చేదేమీ లేదు. ఆ మాట వాడే అని, "ఏమనుకోకురా" అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను. అనుకున్నాను.

ఇక రెండోది.

నేను చొక్కా తొడుక్కుని మైదానం చివర కూర్చున్నాను. నీకు ఏమని రాయాలా అని ఆలోచిస్తున్నాను. తీతు దా రిక్షా ఎక్కి, నన్నూ ఎక్కమని సైగ చేశాడు. "ఇందా" అన్నాడు. ఈసారి చెయ్యి చాపలేదు. ఇందా అంటే రైల్వే స్థలం దాటాక బజారున్న పేట అని ఈలోగా తెలిసింది. సమూయేలు కూడా వెనకాల సైకిల్ మీద వచ్చాడు. బజారు దాటి, సందులో ఒక పెంకుటింటి ముందు ఆగాం. తీతు దా పిన్ని ఉంటుందట, ముసలావిడ. తాళం తీసి గది చూపించింది. గోడకి సున్నం తడి ఇంకా ఆరలేదు. కిటికీ ఉంది. బయట పొయ్యి.

నాకేమీ అర్థం కాలేదు. ఎవరికిది అన్నాను. సమూయేలు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "నువ్వే కదరా అడిగినావు, ఆవేళ, అందరి ముందూ? నా పెళ్లాం ఈ ఊరి పిల్ల, దాన్ని తెచ్చుకోవాలి, ఒక గది సూసి పెట్టండి అని. తీతు దా అప్పట్నుంచీ ఎతుకుతున్నాడు."

ఘొర్ అంటే గది. చాయ్ అంటే కావాలి. నేను ఆరోజు అంతమందికి టీ పోయించాను.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. నేను వద్దు వద్దంటున్న మాట నా నోటితోనే, నాకే తెలియకుండా, ఆఖడా మొత్తం వినేలా చెప్పించావు. గొంతు తగ్గించకు అని కూడా రాశావు. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. టెంపరరీ వాణ్ని, పోటీలో పోయినవాణ్ని, నాకు గదేమిటి అన్నాను. సమూయేలు ఆ మాట తీతు దాకి చెప్పాడు. ఆయన నా ఎడమ చెయ్యి పట్టుకుని నొక్కి చూసి, ఏదో అన్నాడు. "టెంపరరీ వాడు అన్నం తినడా అంతన్నాడు" అన్నాడు సమూయేలు.

నేను గదిలోకి వెళ్లి కిటికీ తెరిచి చూశాను.

ఈలోగా ముసలావిడ నన్ను వాకిట్లో కొళాయి దగ్గరికి తీసుకెళ్లింది. మూడు ఇళ్లకీ అదొకటే. మూడు బిందెలు వరసగా ఉన్నాయి. ఆవిడ బిందెల్ని చూపించి, వేలు ఆడిస్తూ, గట్టిగా "పాలా కోరే" అంది.

నేను పాలకి వెళ్లలేదు. మన బిందె నాలుగోది అని చెప్పాను.

నువ్వు రా.

నీ మావ,
నూకయ్య


కొండవూరు,
26 అక్టోబరు 1959.

ప్రియమైన మావకి,

ఉత్తరం చదివి అత్త ఏడ్చింది. ఈసారి నిజంగానే. తరవాత కళ్లు తుడుచుకుని "గేదెని నాకొగ్గీసి ఎల్లు" అంది. సంక్రమణం దాటాక తనూ వచ్చి చూస్తానంది, కొళాయి దగ్గర వంతు నాలుగోదా అని అడిగింది, మూడోది చేయించమంది.

ఎంపిక కానందుకు నాకూ కష్టంగానే ఉంది. మైదానం అంతా నీకోసం అరిచినప్పుడు నేను అక్కడ లేకపోవడం అంతకంటే కష్టంగా ఉంది. వచ్చే పూజలకి ఉంటాను. ఎవరు ముందు పాలా అన్నారో కనుక్కుని ఉంచు.

నీ చేత అబద్ధం చెప్పించానని అనుకోకు. నీ నోటికి రాని మాట నేను బెంగాలీలో రాసిచ్చాను, అంతే. ఇక ముందు నీకు బెంగాలీ నేనే నేర్పుతాను. మొదటి పాఠం, కోపం వచ్చినప్పుడు ఏమనాలో. అది నాకే పనికొస్తుంది.

గురువారం పలాసలో మెయిలు ఎక్కుతున్నాను. మా నాన్న ఎక్కిస్తాడు. నువ్వు స్టేషనుకి రా. రేకు పెట్టెలు రెండున్నాయి. బలం చూపించడానికి రెండూ ఒక్కసారి ఎత్తకు, జనం ముందు నడుం ఊగుతుంది. చిన్నది నేను పట్టుకుంటాను.

పెద్దది ఎడమ చేత్తో పట్టుకో.

నీ
గంగాభవాని